రైఫిల్ బారెల్‌ని ఎంత తుడవాలి?

"ఇక చాలు, దాన్ని వదిలెయ్" అన్నారు మా సీనియర్. గొంతు పెంచలేదు కానీ కస్టమర్ ముందే అన్నారు. బారెల్‌లోంచి గుడ్డముక్క ఇంకా బూడిదరంగులోనే వస్తోంది. పని సగంలో ఆపడం నాకు చేతకాదు. పరాయి దేశంలో మన చేతిపనికి వంక పెట్టే వీలు ఎవరికీ ఇవ్వకూడదని మనవాళ్లం ఒక పాలు ఎక్కువే చేస్తాం. మనకు పని నేర్పిన పెద్దలు కూడా మెరుపు చూసే మెచ్చుకున్నారు. ఆ ఎక్కువ చేయడమే తప్పంటే చాలా రోజులు మింగుడుపడలేదు.

ఆయన లెక్క వేరు. తూటా పైపొర రాగి బారెల్ లోపలి గాళ్లలో సన్నగా అంటుకుంటుంది. తుపాకీ మందు కాలిన మసి, తూటా కూర్చునే చాంబర్ ముందు గట్టిపడుతుంది. ఇవి బాగా పేరుకుంటేనే గురి చెదురుతుంది. పూర్తిగా తుడిచేసిన బారెల్‌లోంచి మొదటి తూటాలు తరచూ కాస్త పక్కకు పడతాయి. లోపల మళ్లీ పలచటి పొర పట్టాకే ఒక్కచోట పడటం మొదలవుతుంది. పోటీల్లో చాలామంది ముందు కొన్ని తూటాలు ఊరికే కాల్చేది అందుకే. పాయింట్ 22 పోటీ రైఫిళ్లలో తూటా మామూలుగా ఉత్త సీసం, పైన మైనంలాంటి పూత. అక్కడ రాగి గొడవే లేదు, ఇంకా తక్కువ తుడిచినా సరిపోతుంది.

సరే, ఎంత తుడవాలన్నది ఆయన మాట ప్రకారమే. ఎలా తుడవాలన్న దగ్గర మాత్రం నా పట్టు నాదే. తూటా లేదని చూసుకుని, చాంబర్‌ని వెనకనుంచి మూసే బోల్ట్ తీసి, రాడ్‌ని తిన్నగా నడిపే గొట్టం, అదే బోర్ గైడ్, పెట్టాకే తుడిచే రాడ్ పట్టుకుంటాను. అదీ చాంబర్ వైపు నుంచే. గైడ్ లేకపోతే రాడ్ వంగి, గాళ్లు మొదలయ్యే చోట ఒరుసుకుంటుంది. గురికి ప్రాణం ఆ చోటే. కంచు బ్రష్‌ని లోపల ఉండగా వెనక్కి మళ్లించను. ముందు కొస దాటాక విప్పేసి, ఉత్త రాడ్‌నే మెల్లగా లాగుతాను. ఆ కొసను క్రౌన్ అంటారు, తూటాను ఆఖరున తాకేది అదే. అక్కడ ఒకవైపు చిన్న నొక్కు పడినా వాయువు అటునుంచి ముందుగా తన్నుకొచ్చి తూటాను పక్కకు నెడుతుంది. మడత రాడ్‌తో ముందునుంచి పొడిచి పొడిచి క్రౌన్ పాడుచేసుకుని తెచ్చేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఇంకొకటి. అమ్మోనియా ఉన్న సాల్వెంట్ రాగిని కరిగిస్తే గుడ్డ నీలంగా వస్తుంది. గుడ్డను నెట్టే జాగ్ ఇత్తడిదైతే ఆ నీలం జాగ్‌దే కావచ్చు. బారెల్‌లో రాగి పోయినా పోలేదనుకుని ఇంకా తుడుస్తాం. ఎక్కువ తుడవొద్దనే ఆయనకు ఈ మాట నేనే చెప్పి, నికెల్ పూత జాగ్ తెప్పించమని అడిగాను. మర్నాడే ఆర్డర్ పెట్టారు.