బియ్యం కొట్టు కాటా మీద 54.3

కర్నూల్లో మా సందు చివర ఒక బియ్యం కొట్టుంది. 2015లో రోజూ పొద్దున్నే షట్టర్ లేవగానే చెప్పులు విడిచి వాళ్ల కాటా ఎక్కేదాన్ని. కొట్టాయన మొదట్లో నవ్వేవాడు. తర్వాత అలవాటై, "ఈ రోజెంతమ్మా?" అని ఆయనే అడిగేవాడు. మేం ప్రాక్టీస్ చేసేచోట ఉన్న ముల్లు మిషన్ ఎక్కిన ప్రతిసారీ ఒక్కో మాట చెప్పేది, దానికన్నా ఇదే నయం. పోటీకి ఎనిమిది రోజులుందనగా కాటా 54.3 చూపించింది. వెయిట్‌లిఫ్టింగ్‌లో నాది 53 కిలోల కేటగిరీ, తూకంలో అంతకు మించకూడదు.

కిలో మూడొందలే కదా అని రాత్రి సంగటి మానేశాను. అమ్మ ఊరుకుంటుందా? "బరువులెత్తే పిల్ల తినకపోతే ఎట్లనే? గాలి తిని ఎత్తుతావా?" అని రోజూ అదే పాట. మూడు రోజుల్లో 53.6కి వచ్చాను. ఆరో రోజు, ముందురాత్రి మజ్జిగ తప్ప ఏమీ ముట్టకపోయినా, కాటా 54.2 అంది.

ఎందుకో నాకు తెలుసు. నెలసరి దగ్గరపడింది. ఆ రోజుల్లో ఒళ్లు నీరు పడుతుంది, నాకైతే దాదాపు కిలో. ఆ మాట మా కోచ్ సార్‌కి ఎలా చెప్పాలి? "పెళ్లిలో తిన్నాను సార్" అన్నాను. ఆయన తిట్టి, నీళ్లు బంద్ చేసి చెమట పట్టించమన్నారు. తిండిపోతుకు ఎవరైనా అదే చెబుతారు, అబద్ధం నాదే. రెండు టీషర్టులు, పైన రెయిన్‌కోటు, ఏప్రిల్ మధ్యాహ్నం గ్రౌండు చుట్టూ పరుగు. కర్నూలు ఏప్రిల్‌కి వేరే ఆవిరి గది అక్కర్లేదు. 1997లో అమెరికాలో ముగ్గురు కాలేజీ కుస్తీ కుర్రాళ్లు ఇలా బరువు దించుకుంటూనే చనిపోయారని చాలా ఏళ్ల తర్వాత చదివాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పోటీ రోజు తూకంలో 52.9 వచ్చాను. అక్కడికి గెలిచేసినట్టే అనిపించింది. తూకం గంటసేపు తెరిచి ఉంటుంది, అది మొదలైన రెండు గంటలకి పోటీ. ఉన్న కాస్త టైంలో ఓఆర్ఎస్ గటగటా తాగి, మూడు అరటిపళ్లు మింగాను. పొట్టలో నీళ్లు కదులుతున్నాయి, నోరు మాత్రం ఎండుతూనే ఉంది. మొదట స్నాచ్, అంటే బార్‌ని నేల మీంచి ఒకే ఊపులో తలపైకి ఎత్తడం. 55 కిలోలు, రోజూ నవ్వుతూ ఎత్తే బరువు. మొదటిసారి వెనక్కి పడింది. రెండోసారి ముందుకి. మూడోసారి మోకాళ్ల దగ్గరే ఆగింది. స్నాచ్ మూడూ పోతే, రెండో లిఫ్టు క్లీన్ అండ్ జెర్క్‌తో కలిపి లెక్కేసే టోటల్ ఉండదు.

నేను పోగొట్టుకున్నది కొవ్వు కాదు. తిన్న అన్నం, సంగటి కండల్లో గ్లైకోజెన్‌గా నిల్వ ఉంటాయి, బరువెత్తే బలం అదే. దాని ప్రతి గ్రాముతో పాటు మూడు గ్రాముల దాకా నీరుంటుంది. తిండి మానేస్తే ఆ రెండూ కలిసి పోతాయి. కాటా సంతోషిస్తుంది, బార్ మాత్రం లేవదు.

ఇప్పుడు పొద్దున పూట కొంతమంది ఆడపిల్లలకి నేర్పిస్తున్నాను. అరకిలో తేడా ఉంటే పోటీకి రెండు రోజుల ముందు జొన్నరొట్టె, సంగటి, ఆకుకూరలు ఆపి తెల్లన్నం, పెరుగు పెట్టమంటాను. పేగుల్లో పీచు తగ్గితే బలం పోకుండానే ముల్లు దిగుతుంది. ఉప్పెక్కువైతే ఒంట్లో నీరు నిలుస్తుంది కాబట్టి ఊరగాయలు, అప్పడాలు బంద్. నీళ్లు మాత్రం ఆపనివ్వను. కొత్త పిల్లలకైతే ఇదీ లేదు, పై కేటగిరీలో ఎత్తండి అంటాను. మన కరణం మల్లీశ్వరి 1994, 95లలో ప్రపంచ విజేత అయింది 54 కిలోల్లో, 2000లో సిడ్నీ కాంస్యం తెచ్చింది 69లో. ఇది చెబితే అమ్మలు కూడా వింటారు.

నా 53 కేటగిరీ 2018లో పోయి, 2025 జూన్‌లో మళ్లీ వచ్చింది. మొన్న ఒక పిల్ల 54.1 ఉంది. 58లో పేరు రాస్తే ఏడుపు ముఖం పెట్టింది.

"అందులో మెడల్ రాదక్కా."

"రాకపోతే రాదు. ఆరు లిఫ్టులూ ఎత్తు చాలు. నీ డేట్ ఎప్పుడే?"

పిల్ల అటూ ఇటూ చూసి, దగ్గరికొచ్చి చెవిలో చెప్పింది. నోట్‌బుక్‌లో బరువు పక్కనే రాసుకున్నాను.