రాజమండ్రి నుంచి బెంగళూరుకు: ఒక మిషనరీ ట్రాన్స్‌ఫర్

యేసు క్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘంలో, అంటే బయటివాళ్లు మార్మన్లు అనే మా సంఘంలో, మిషనరీ సేవ మగవాళ్లకు 24 నెలలు, ఆడవాళ్లకు 18 నెలలు. సుమారు ఆరు వారాలకోసారి మిషన్ ప్రెసిడెంట్, అంటే ఆ ప్రాంతపు మిషనరీలందరికీ పెద్ద, ఎవరు ఏ ఏరియాలో ఉండాలో, ఎవరికి ఎవరు కంపానియనో (జతగా పనిచేసే తోటి మిషనరీయో) మళ్లీ చూస్తారు. కొందరు ఉన్నచోటే ఉండిపోతారు, కొందరు పెట్టె సర్దుకుంటారు. 2019 వేసవిలో రాజమండ్రిలో ఉన్న నాకు బెంగళూరు వచ్చింది. అప్పట్లో ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక, తమిళనాడు అన్నీ 1993లో మొదలైన బెంగళూరు మిషన్ కిందివే. కాబట్టి గోదావరి ఒడ్డున ఉన్నవాణ్ణి ఎక్కడికైనా పంపవచ్చు.

కబురు వచ్చాక చేతిలో ఉండేది రెండు మూడు రోజులే. చాలామంది మొదట సూట్‌కేసు దించుతారు. మొదట తెరవాల్సింది ఏరియా బుక్. మేం కలుస్తున్న ప్రతి కుటుంబం వివరాలూ అందులో ఉంటాయి. ఇప్పుడది ఫోన్లోనే యాప్. "మంచి కుటుంబం, మళ్లీ వెళ్లాలి" అని రాసి వదిలేస్తే తర్వాత వచ్చేవాడికి అక్కరకు రాదు. డోర్ నంబరు కూడా చాలదు. "దేవీచౌక్ నుంచి వస్తే కుడివైపు రెండో సందు, కింద టైలరింగ్ షాపు, పై వాటా, మెట్లు వెనకవైపు" అని రాస్తే చీకటిపడ్డాక కూడా ఇల్లు దొరుకుతుంది. ఏ పాఠం దాకా వచ్చారు, ఏం చదువుతామని మాటిచ్చారు, ఇంటాయన డ్యూటీ నుంచి ఎన్నింటికి వస్తారు, మా రాక ఇంట్లో ఎవరికి ఇష్టం లేదు, వాళ్లను మాకు పరిచయం చేసిన సభ్యుడెవరు అన్నవి రాయాలి. చివరిది అన్నిటికంటే ముఖ్యం. మిషనరీ వెళ్లిపోతాడు, ఆ సభ్యుడు ఆ ఊళ్లోనే ఉంటాడు.

అందుకే ఆఖరి రోజుల్లో వీడ్కోలు కోసం ఇల్లిల్లూ తిరగడం నాకు నచ్చదు. వెళ్లే ప్రతి ఇంటికీ బ్రాంచ్ (ఆ ఊళ్లోని మా చిన్న సంఘం) నుంచి ఒకరినైనా వెంట తీసుకెళ్లాలి. అక్కడ ఉండిపోయే కంపానియన్ చేత ప్రార్థన చేయించాలి, మాట్లాడించాలి. "మీరు లేకపోతే మేం రాము" అని ఎవరైనా అన్నారంటే, ఆ ఇంట్లో విశ్వాసం కంటే మన మీద అభిమానం ఎక్కువైందని అర్థం. దాన్ని ఆ రోజే నెమ్మదిగా సరిచేయాలి. ఇంత దగ్గరైనవాళ్లను వదిలి వెళ్లడం బాధే. అయినా వాళ్లను మంచి చేతుల్లో పెట్టి వెళ్లడమే వాళ్ల మీద ప్రేమ చూపించడం.

టికెట్ దాదాపు ఎప్పుడూ తత్కాల్‌లోనే. బండి మొదలయ్యే స్టేషన్ లెక్కన ముందురోజు ఉదయం 10కి ఏసీ, 11కి స్లీపర్ తెరుచుకుంటాయి. టికెట్ మీద పేరు గుర్తింపు కార్డులో ఉన్నట్టే ఉండాలి. మగ మిషనరీలను రోజూ ఎల్డర్ అని ఇంటిపేరుతోనే పిలుస్తారు, ఆ అలవాటులో ఇంటిపేరు ఒక్కటే ఇస్తే టీటీఈ దగ్గర ఇబ్బంది. స్లీపర్లోనూ థర్డ్ ఏసీలోనూ మనిషికి 40 కిలోల సామాను ఉచితం. రెండు సూట్‌కేసులు, ఒక భుజం సంచీ ఆ లోపల పట్టాలంటే బరువు తగ్గించాల్సింది పుస్తకాల్లోనే. చొక్కాలు పెద్ద బరువుండవు. రాజమండ్రి ఉక్కకు చొక్కాలు పైకి ఆరినట్టే ఉంటాయి, కాలరు లోపల తడి మిగిలిపోతుంది. అలాగే మడిచి పెడితే మర్నాటికి ముక్కిన వాసన, తెల్లబట్ట మీద పసుపు మరకలు. బయల్దేరే ముందురోజు ఉతుకు పెట్టుకోకూడదు. పెద్ద పెట్టె లోయర్ బెర్తు కిందికి దూరుతుందో లేదో ముందే కొలిచి చూసుకోవాలి, గొలుసు, తాళం పైకి పెట్టుకోవాలి.

మిషనరీ ఒంటరిగా ఉండకూడదన్న నియమం ప్రయాణంలోనూ వర్తిస్తుంది. అటువైపు వెళ్లే మరో ఎల్డర్ వైజాగ్ నుంచి అదే బండిలో వస్తున్నాడు. నా కంపానియన్, బ్రాంచ్ సభ్యుడొకరు ఆ బండి వచ్చేదాకా ప్లాట్‌ఫాం మీద నాతోనే ఉన్నారు.

ఎక్కింది ప్రశాంతి ఎక్స్‌ప్రెస్. సాయంత్రం రాజమండ్రి దాటగానే గోదావరి, అవతల కొవ్వూరు. రాత్రి భోజనం ఇంటి నుంచి తెచ్చుకోవడం మేలు. మేం టీ, కాఫీ తాగం కాబట్టి బండిలో తిరిగేవాటిలో మాకు పనికొచ్చేది నీళ్ల సీసానే. గుంటూరు తర్వాత నల్లమల అంతా చీకట్లో పోతుంది. తెల్లారేసరికి అనంతపురం, ధర్మవరం. ఎర్రనేల, బండరాళ్ల గుట్టలు, దూరదూరంగా చెట్లు. కోనసీమ పచ్చదనం చూసి వచ్చిన కళ్లకు అదో వేరే దేశం. హిందూపురం దాటితే స్టేషన్ బోర్డుల మీద కన్నడం. బెంగళూరు చేరేసరికి మధ్యాహ్నం.

కొత్త కంపానియన్, జోన్ లీడర్ (కొన్ని ఏరియాల మిషనరీలను చూసుకునే మిషనరీ) స్టేషన్‌కు వచ్చారు. గదికి వెళ్లగానే చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి: రెండో తాళంచెవి, గ్యాస్ సిలిండర్ ఎప్పుడు మార్చారో, 20 లీటర్ల నీళ్ల క్యాన్ వేసే కుర్రాడి నంబరు, ఇంటి ఓనరు ఇష్టాయిష్టాలు. పాత జట్టు నీళ్లవాడికి బాకీ పెట్టి వెళ్తే మర్నాడు క్యాన్ రాదు, ఇదెక్కడైనా జరిగేదే. ఉదయం 6:30కి లేవడం, రాత్రి 10:30కి పడుకోవడం మామూలే. మొదటి రాత్రి మాత్రం ఎంత అలసినా కంపానియన్‌తో ఒక గంట కూర్చుని ఏరియా బుక్ మొత్తం చదవాలి.

మొదటి వారం కొత్తవాడు ఎక్కువ వినాలి. పాత ఏరియాలో ఇలా చేసేవాళ్లం అని రోజుకు నాలుగుసార్లు అంటే కంపానియన్ మనసు మూసుకుంటుంది. బస్సు నంబర్లు కంఠతా పట్టాలి. బెంగళూరు ట్రాఫిక్‌లో మ్యాప్ 20 నిమిషాలని చూపించిన దారికి గంట పట్టడం మామూలు, రోజుకు ఆరిళ్లు అనుకుంటే మూడే అవుతాయి. కాబట్టి ఒకే దిక్కున ఉన్న ఇళ్లు ఒకే రోజు పెట్టుకోవాలి. వెళ్లిన ఇంట్లో ఆడవాళ్లు ఒక్కరే ఉంటే ఎల్డర్లు లోపలికి వెళ్లకూడదు, పెద్దవాళ్లు ఇంకొకరు ఉన్నప్పుడు మళ్లీ రావాలి. ఎవరైనా కాఫీ తెస్తే, "వద్దండీ" అని ఆగిపోతే చిన్నబుచ్చుకుంటారు. "మజ్జిగుంటే ఇవ్వండమ్మా, చల్లగా తాగుతాం" అంటే సంతోషంగా లోపలికెళ్లి తెస్తారు.

ఆ బ్రాంచ్‌లో ఆదివారం సభ ఇంగ్లీషులో. వెనక వరుసలో ఒకరు తమిళంలో, ఒకరు తెలుగులో గొంతు తగ్గించి చెబుతూ ఉంటారు. క్రీస్తును తలచుకునే సంస్కార విధిలో రొట్టె, నీళ్లు చేతి నుంచి చేతికి అందుతున్నప్పుడు మాత్రం ఏ భాషా ఉండదు. కృష్ణా జిల్లా నుంచి మేస్త్రీ పనికి వచ్చిన కుటుంబం ఒకటి అక్కడుంది. ఆ పెద్దాయన వరుసగా మూడు ఆదివారాలు రాలేదని ఏరియా బుక్‌లో ఉంది, ఎందుకో లేదు. వెళ్లి తెలుగులో పలకరిస్తే విషయం తెలిసింది. సైటు మారింది, కొత్త చోటి నుంచి రెండు బస్సులు మారాలి, నలుగురికీ ఛార్జీలు భారం. ఆ దారిలోనే స్కూటరు మీద వచ్చే సభ్యుడొకరు ఉన్నారని బ్రాంచ్ ప్రెసిడెంట్ గారు చెప్పారు. పెద్దాయన, చిన్నబాబు ఆయనతో, తల్లీ పెద్దపిల్లా బస్సులో రావాలని ఏర్పాటు చేశాం. ఆ సభ్యుడి పేరు, స్కూటరు ఆగే సెంటరు, బయల్దేరే టైము అన్నీ అదే రాత్రి ఏరియా బుక్‌లో రాశాం.