గాలికి డబ్బులు

పదకొండున్నర దాటింది. చిన్నదాని సైన్సు నోటుపుస్తకంలో ఆ ఎర్ర గీత నన్ను నిద్రపోనివ్వడం లేదు.

"మంచుకొండలో ఉండేవి మంచినీళ్లే" అని రాసింది. పంతులమ్మ కొట్టేసి, పక్కన "సముద్రంలో ఉప్పునీళ్లు" అని రాశారు. అర మార్కు పోయింది. సాయంత్రం నుంచి ఇంట్లో నా ఉపన్యాసమే. నేలమీద వేల ఏళ్లు కురిసిన మంచు తన బరువుకే గట్టిపడి, హిమనీనదమై జారి, సముద్రం అంచున విరిగిపడితే అది మంచుకొండ అన్నాను. "హిమనీనదమంటే హిమబాహ కదా నాన్నా?" అంది. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు. గ్రీన్‌ల్యాండ్‌లో ఇలులిస్సాట్ దగ్గరి హిమనీనదం 2012 వేసవిలో రోజుకు 40 మీటర్లకు పైగా నడిచిందంటే మాత్రం కళ్లు పెద్దవి చేసింది. అక్కడి పరిశోధకులు మంచుకొండ ఎక్కడికి పోతుందో చూడటానికి హెలికాప్టర్ నుంచి దానిమీద జీపీఎస్ పెట్టి వస్తారు. ఎప్పుడు బోర్లా పడుతుందో తెలియదు మరి.

చెబుతూ ఉంటే అక్క పెళ్లి గుర్తొచ్చింది. బరంపురంలో ఐసు ఫ్యాక్టరీ నుంచి నాన్నగారు రిక్షాలో దిమ్మ తెచ్చారు. గోనెపట్టా విప్పి, రంపపు పొట్టు దులిపారు. అంచులు అద్దంలా ఉన్నాయి, నడుమ మాత్రం తెల్లటి చార. నీరు బయటి నుంచి లోపలికి గడ్డకడుతూ గాలిని నడుమకు నెడుతుందని ఆయనకెవరు చెబుతారు? "గాలికి కూడా డబ్బులు తీసుకున్నాడు" అని విందు అయ్యేదాకా గొణుగుతూనే ఉన్నారు. వచ్చిన ప్రతి చుట్టానికీ ఆ చార చూపించారు. ఆయన కాదన్న ఆ గాలి కోసమే కదా శాస్త్రవేత్తలు గ్రీన్‌ల్యాండ్‌లో మంచును కిలోమీటర్ల లోతుకు తొలిచింది! ఆ బుడగల్లో వేల ఏళ్లనాటి గాలి ఉంటుంది. మంచుకొండ ముక్క గ్లాసు నీళ్లలో వేస్తే చిటపటమంటుందట, సోడాలాగా.

అంతా విని మా ఆవిడ అడిగింది: "దాని పై వాక్యం చదివారా?"

చదవలేదు. "చలికాలంలో సముద్రం గడ్డకట్టి మంచుకొండలు ఏర్పడతాయి" అని రాసింది మన పిల్ల.

అలా అయితే పంతులమ్మ తప్పేముంది? పొద్దున ఇవ్వడానికి రాసిన చీటీ చించేశాను. చించాక మళ్లీ చిరాకు: కొట్టాల్సింది పై వాక్యం కదా! పైగా సముద్రం గడ్డకట్టినా ఉప్పును చాలావరకు బయటికే తోసేస్తుంది. అంటే ఇద్దరూ తప్పే. నేనూ, కాస్త.

ఫ్రీజర్‌లో రెండు గిన్నెలు పెట్టాను, ఒకదానిలో ఉప్పు కలిపి. ఇందాక చూస్తే మంచినీళ్లు అంచుల్లో పలకలు కట్టాయి, ఉప్పునీళ్లలో వేలు ఇంకా దిగుతోంది. చిన్నదాన్ని లేపి చూపిద్దామా అనుకుంటున్నాను, ఇంతలో కరెంటు పోయింది.