బాలింత ఏ ఇంట్లో ఉంటుంది?

ఈరోజు పని చిత్తూరు దాటి గుడిపాల వైపు పల్లెల్లో. శిక్షణ తీసుకున్న ఒక అక్క నెలనెలా ఇంటికి వెళ్లి మాట్లాడితే బాలింతల దిగులు తగ్గుతుందా లేదా అన్నది మా అధ్యయనం. పోల్చి చూడటానికి అక్క కొన్ని ఊళ్లకు వెళ్తుంది, కొన్నింటికి వెళ్లదు. ఏ ఊరికి వెళ్లాలో చీటీలు తీసి తేల్చారు.

మొదటి ఇంట్లో అత్తగారే ఉంది. "కోడలు గుడియాత్తం పోయుండాది, అయిదో నెల్లో గానీ రాదు" అంది. పక్క వీధిలోనూ ఇదే మాట. తొలికాన్పుకి పుట్టింటికి పోవడం మనకి తెలియనిది కాదు. కానీ ఆ అక్క అవసరం ఎక్కువగా ఉండే నెలల్లోనే తల్లి ఆ ఊళ్లో ఉండదు. పోనీ, దొరికిన వాళ్లతోనే సరిపెట్టుకుందామా అంటే, పుట్టింటి ఆసరా లేనివాళ్లే ఎక్కువగా మిగులుతారు. అప్పుడు వచ్చే ఫలితం అందరు తల్లులదీ ఎలా అవుతుంది? ఏ ఊళ్లో పేరు రాశామో లెక్కలో ఆ ఊరి కిందే ఉంచాలి, మనిషిని మాత్రం ఎక్కడుంటే అక్కడికి వెళ్లి కలవాలి.

మధ్యాహ్నం వెళ్లింది అక్క రాని ఊరికి. మేం అడిగేవి బాలింతల దిగులు కొలిచే ఎడిన్‌బరో ప్రశ్నలు, మొత్తం 10. 1987 నుంచి వాడుకలో ఉన్నాయి. గడిచిన 7 రోజుల్లో మనసెలా ఉందో చెప్పాలి. ఆ అమ్మాయికి ఇరవై ఏళ్లు కూడా ఉండవేమో. అత్తగారు మంచం మీదే కూర్చుని ఉంటే ఏది అడిగినా "బాగుండా మేడం" అంటోంది. ఆ ఊరి ఆరోగ్య కార్యకర్త ఆశా అక్క గ్రహించి, బిడ్డ టీకాల కార్డు చూపించమని పెద్దావిడని లోపలికి తీసుకెళ్లింది. అప్పుడు ఆ పిల్ల బిడ్డ వీపు నిమురుతూ, నా వైపు చూడకుండానే, "నిద్ర పట్టల్యా మేడం. బిడ్డ పడుకున్నా నాకు పట్టల్యా" అంది. తనకి తాను హాని చేసుకోవాలనిపించిందా అనే చివరి ప్రశ్నకి చాలాసేపు పలకలేదు. తర్వాత తలూపింది.

ఇలాంటి జవాబు వస్తే అది ఏ ఊరైనా సరే, కాగితం పక్కన పెట్టి అదే రోజు డాక్టరుకి చూపించాలి. ఆ నియమం లేని అధ్యయనంలో నేను పనిచేయను. ఆశా అక్క తనే వెంటబెట్టుకుని పీహెచ్‌సీకి తీసుకెళ్లింది. రాత్రయినా మాట్లాడవచ్చని మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416 ఆ అమ్మాయి ఫోన్లో ఎక్కించి వచ్చాను.

బయట పక్కింటావిడ నిలదీసింది: "పక్కూరికి ఎవరో అక్క వస్తుందంట, మా ఊరికెందుకు రాదు?" న్యాయమైన ప్రశ్న. అమెరికాలో నర్సులు ఇళ్లకి వెళ్లే పథకం ఒకటి మంచి ఫలితాలిచ్చింది. అదే పథకాన్ని ఇంగ్లండులో 1,645 మంది చిన్నవయసు తల్లులతో పరీక్షించారు. సిగరెట్ మానడంలో గానీ, బిడ్డ పుట్టుక బరువులో గానీ మామూలు సేవలకన్నా తేడా రాలేదని 2016లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. మరోపక్క జార్ఖండ్, ఒడిశా పల్లెల్లో నెలనెలా మహిళల సమావేశాలు పెడితే నెలలోపు బిడ్డల మరణాలు దాదాపు మూడోవంతు తగ్గాయి. పోల్చి చూసుకోబట్టే రెండూ తెలిశాయి. ఇదంతా ఆవిడకి చెప్పలేదు. "మేలు చేస్తుందో లేదో మాకే ఇంకా తెలీదమ్మా, చేస్తుందని తేలితే మీ ఊరికీ వస్తుంది, అలాగని రాసుకున్నాం" అన్నాను. "రాసింది మర్చిపోవద్దండి" అంది.

సాయంత్రం ఆశా అక్క ఫోన్ చేసింది. డాక్టరమ్మ చూసిందట, వారంలో మళ్లీ రమ్మందట. టెన్షన్ కొంచెం తగ్గింది.

మా పెద్ద మేడంకి ఇప్పుడే మెసేజ్ పెట్టాను. పేరు రాసేటప్పుడే పుట్టింటి చిరునామా కూడా తీసుకోవాలి. వేలూరు వైపు వెళ్లినవాళ్ల కోసం తమిళం వచ్చిన అక్క ఒకరు కావాలి. ప్రశ్నలు అడిగేటప్పుడు తల్లి ఒక్కతే ఉండేలా చూసే పని ఎవరిదో ముందే తేల్చాలి. డబ్బు లేదంటారేమో. మిగతా ఖర్చుల్లో ఏదైనా తగ్గించండి గానీ ఈ మూడూ వదలొద్దని రాశాను.