మామ్మ చెప్పిన రామాయణం

నెల రోజులుగా రాత్రిళ్లు రామానంద్ సాగర్ రామాయణం మళ్లీ చూస్తున్నాను, రోజుకు రెండేసి ఎపిసోడ్లు. 1987 జనవరిలో దూరదర్శన్‌లో మొదలైనప్పుడు నాకు ఏడేళ్లు. ఆదివారం పొద్దున్నే తలంటు కాగానే, తడి జుట్టుతోనే పక్కింటి హాల్లో చాప మీద చోటు కోసం పరుగెత్తేవాళ్లం. బ్లాక్ అండ్ వైట్ టీవీ. రాముడి బట్టలు పసుపు రంగువని నాకు ఇప్పుడే తెలిసింది!

మా ఇంట్లో ఎవరికీ హిందీ రాదు. మామ్మే చెప్పేది. ఆవిడకీ రాదనుకోండి. తెర మీద పెదాలు కదలడం ఆలస్యం, ఇక్కడ తెలుగులో కథ నడిచిపోయేది. కైకేయి వరాలడిగితే శాపనార్థాలు, హనుమంతుడిగా దారా సింగ్ కనిపిస్తే రెండు చేతులూ జోడించి దణ్ణం.

ఇప్పుడు నాకు హిందీ అర్థమవుతోంది. మామ్మ చెప్పినదాంట్లో సగం ఇక్కడ కనిపించడం లేదు. ఊర్మిళాదేవి పద్నాలుగేళ్ల నిద్ర, నిండు సభలో లక్ష్మణుడు ఫక్కున నవ్వడం... అవి మన ఆడవాళ్ల రామాయణ పాటల్లోవి. తనకొచ్చిన పాటల్ని ఆవిడ టీవీలో కలిపేసింది.

అన్నట్టు, బాణాలు గాల్లో ఎదురెదురుగా వచ్చి ఢీకొనేదాకా అప్పట్లో ఊపిరి బిగబట్టేవాళ్లం. నిన్న ఆ ముక్క ముందుకు జరిపేశాను. కాస్త సిగ్గేసింది.

పట్టాభిషేకం ఇంకా రాలేదు. లక్ష్మణుడు నవ్వుతాడేమో చూడాలి.