సగం మూస్తే సగం చెట్టేనా?

"సార్, చెట్టు తలకిందులైంది!" అంటూ వెనక బెంచీ వాళ్ళంతా ముందుకొచ్చి పడ్డారు. దేవరకొండ ఎండకు బయట వేపచెట్టు మెరిసిపోతోంది, కిటికీకి ఎదురుగా కుంభాకార కటకం, అదే భూతద్దం, పట్టుకుని వెనక తెల్లకాగితం పెట్టానంతే, కాగితం మీద కొమ్మలు కిందికి, మొదలు పైకి, పక్కనున్న హెడ్‌మాస్టర్ గారి స్కూటర్ కూడా చక్రాలు పైకి పెట్టుకుని!

కటకాన్ని సగం అట్టముక్కతో మూస్తే? సగం చెట్టే కనిపిస్తదని క్లాసంతా ఒకే మాట. మూశా. చెట్టు మొత్తం అట్లనే ఉంది, వెలుగు మాత్రం తగ్గింది. ప్రతి ఆకు నుంచి వచ్చే కాంతి కటకం అంతటా పడుతుంది కదా, మిగిలిన సగం చాలు. ఇది బోర్డు మీద గీస్తే ఎవడూ నమ్మడు.

"మన కంట్ల కూడా తలకిందులేనా సార్?"

రెటీనా, అంటే కంటి లోపల వెనకుండే పొర మీద తలకిందులే, మెదడే సరిచేసుకుంటుంది అన్నా.

"మరి నా మెదడు లెక్కలెందుకు సరిచేస్తలేదు సార్?"