ఇల్లరికం ఒప్పుకోని రాజు

ఇంగ్లండులో మేముండే లెస్టర్ నగరం నుంచి పడమరగా కారులో కొంతదూరం వెళ్తే బాస్‌వర్త్ వస్తుంది. 1485 ఆగస్టు 22న మూడవ రిచర్డ్ అక్కడి పొలాల్లో ప్రాణాలు వదిలాడు, హెన్రీ ట్యూడర్ ఏడవ హెన్రీ అయ్యాడు. ఓడిన రాజు ఎముకలు 2012లో మా ఊరి నడిబొడ్డున, కార్లు నిలిపే స్థలం కింద బయటపడ్డాయి. కాబట్టి ఇక్కడ పెరిగే పిల్లలు ఈ కథను తప్పించుకోలేరు. మా అమ్మాయి ఏ-లెవెల్‌లో, అంటే మన ఇంటర్ లాంటి చదువులో, చరిత్ర తీసుకుని ట్యూడర్లను చదువుతోంది.

లెక్కలూ సైన్సూ ఉండగా చరిత్ర ఎందుకని బంధువులు చాలామంది అడిగారు. తెనాలిలో ఉన్న మా అమ్మ అడగలేదు. ఆదివారం వీడియో కాల్‌లో మనవరాలు చెప్పే పాఠం వినడం ఆమెకు అలవాటైంది. సింహాసనం కోసం లాంకాస్టర్, యార్క్ అనే రెండు శాఖలు చేసిన గులాబీల యుద్ధాల గురించి పిల్ల వివరించబోతే, “దాయాదుల తగవు అన్నమాట. ఇంతకీ ఈయన వాటా ఎంత తల్లీ?” అంది.

వాటా చాలా తక్కువ. ఆ రెండు శాఖలూ మూడవ ఎడ్వర్డ్ రాజు సంతతే. హెన్రీకి వచ్చిన హక్కు తల్లి మార్గరెట్ బ్యూఫోర్ట్ వైపు నుంచి. ఆ బ్యూఫోర్ట్‌లు పెళ్లికి ముందు పుట్టి, తర్వాత చట్టబద్ధమైన సంతానంగా గుర్తింపు పొందినవారి వంశం. పైగా హెన్రీ పద్నాలుగేళ్లు బ్రిటనీలో, ఫ్రాన్సులో తలదాచుకున్నవాడు. ఫ్రెంచి డబ్బుతో, అద్దె సైనికులతో వేల్స్ తీరాన దిగాడు. ఆయనకు ఫ్రెంచి పద్ధతిలో పాలించాలని ఉంది గానీ కుదరడం లేదని 1498లో స్పెయిన్ రాయబారి ఒకరు తన ప్రభువులకు రాశాడు. మా పిల్లకు హెన్రీ మీద ఇష్టం కలిగింది అక్కడే. “ఎక్కడికి వెళ్లినా బయటివాడే, పాపం” అంది. ఆ మాటలో తన సంగతి కూడా కొంత ఉందని నాకు అనిపించింది. నేను తరచి అడగలేదు.

సింహాసనం ఎక్కగానే హెన్రీ చేసిన మొదటి పని తేదీని మార్చడం. తన పాలన యుద్ధానికి ముందురోజే, అంటే ఆగస్టు 21నే మొదలైందన్నాడు. అంతటితో రిచర్డ్ పక్షాన పోరాడినవాళ్లందరూ రాజద్రోహులయ్యారు, వాళ్ల భూములు జప్తు చేయడానికి దారి దొరికింది. తర్వాత అక్టోబరు 30న పట్టాభిషేకం, నవంబరులో పార్లమెంటు, ఆ మీదట 1486 జనవరిలో యార్క్ వంశపు ఎలిజబెత్‌తో పెళ్లి. ఈ వరుస ఎందుకో రాయమని బడిలో ఒక ప్రశ్న ఇచ్చారు. మా అమ్మ ఒక్క ముక్కలో తేల్చేసింది: “ఇల్లరికపు అల్లుడని ఎవరూ అనకూడదని.” అమ్మాయి ఆ జవాబునే ఇంగ్లిషులో పేరాగ్రాఫుగా పెంచి రాసింది, మంచి మార్కులు వచ్చాయి.

ఇంట్లో కుదురుకోవడం ఒక ఎత్తు. బయట ఉన్నవాళ్ల దగ్గర ఎప్పుడూ ఒక నకిలీ వారసుడు సిద్ధంగా ఉండేవాడు. 1487లో లాంబర్ట్ సిమ్నెల్ అనే పిల్లవాడికి డబ్లిన్‌లో కిరీటం పెట్టారు. స్టోక్ యుద్ధంలో గెలిచాక హెన్రీ అతన్ని చంపకుండా వంటింట్లో పనికి పెట్టాడు. పెర్కిన్ వార్బెక్ అంత తేలిగ్గా వదలలేదు. బర్గండీలో ఉన్న యార్క్ ఆడపడుచు మార్గరెట్ అతన్ని తన మేనల్లుడే అంది. దాంతో 1493లో హెన్రీ బర్గండీ ఏలుబడిలోని ఫ్లాండర్స్‌తో వ్యాపారం ఆపేశాడు. ఉన్ని బట్టల వర్తకులు నష్టపోయారు, 1496లో మళ్లీ ఒప్పందం చేసుకోవాల్సి వచ్చింది. ఫ్రాన్సు సంగతి మాత్రం మా ఆయనకు భలే నచ్చింది. 1492లో చలికాలం ముంచుకొస్తుండగా సైన్యంతో బులోన్ మీదికి వెళ్లి, వెనక్కి తిరిగినందుకు 7,45,000 బంగారు క్రౌన్లు వాయిదాల మీద ఇచ్చేలా రాయించుకున్నాడు. వార్బెక్‌కు ఆశ్రయం ఇవ్వబోమనే మాటా తీసుకున్నాడు.

ఇంతవరకూ అందరం నవ్వుతూ విన్నాం. వారిక్ ప్రభువు ఎడ్వర్డ్ కథ దగ్గర ఆగిపోయాం. యార్క్ వంశపు ఆ వారసుణ్ణి పదేళ్ల వయసులో లండన్ టవర్‌లో పెట్టారు, 1499లో తల నరికారు. అప్పటికి అతనికి 24 ఏళ్లు. అంతకు పదేళ్ల ముందే హెన్రీ కొడుకు ఆర్థర్‌కు, స్పెయిన్ యువరాణి కేథరిన్‌కు సంబంధం కుదిరింది. పిల్లను పంపేముందు అల్లుడి సింహాసనానికి పోటీ ఉండకూడదని స్పెయిన్ వాళ్లు కోరుకున్నారు. “ముప్పు తొలగించాడు” అని మా అమ్మాయి పాఠం అప్పజెప్పినట్టు చెప్పేసింది. “ఆ పిల్లవాడు చేసిన నేరం ఏమిటే?” అంది మా అమ్మ. ఇద్దరూ కాసేపు మాట్లాడుకోలేదు.

నాకు మన సాళువ నరసింహరాయలు గుర్తొచ్చాడు. ఆయనా 1485లోనే విజయనగర సింహాసనం ఆక్రమించాడు. చంద్రగిరి పాలకుడిగా ఎదిగి, సేనాని తుళువ నరస నాయకుడి బలంతో సంగమ వంశాన్ని ముగించాడు. పశ్చిమ తీరం మీదుగా గుర్రాల దిగుమతిని పునరుద్ధరించాడు, ఉదయగిరిని గజపతులకు పోగొట్టుకున్నాడు. 1491లో పోతూ కొడుకులను నరస నాయకుడి చేతిలో పెట్టాడు. పెద్దవాడు హత్యకు గురయ్యాడు. చిన్నవాడు ఇమ్మడి నరసింహుడు పేరుకు రాజై, పెనుకొండలో కాపలా మధ్య బతికాడు. 1505లో అతన్నీ చంపారు. 1509లో ఇక్కడ ఎనిమిదవ హెన్రీ, అక్కడ ఆ నరస నాయకుడి కొడుకు శ్రీకృష్ణదేవరాయలు రాజులయ్యారు.

మా సంక్రాంతి సంబరాల్లో ప్రతిసారీ ఎవరో ఒక పిల్లవాడు అట్ట కిరీటంతో రాయలవారిగా వస్తాడు. చప్పట్లు కొడతాం. ఇమ్మడి గురించి ఆ వేదిక మీద ఎవరూ మాట్లాడగా వినలేదు. ఇంగ్లండు రాజును పద్దు పుస్తకాలు తిరగేసి నిలదీయడం నేర్చుకుంటూ, మన రాజును వేషంలోనే చూస్తూ పెరిగిన పిల్లలు ఏమనుకుంటారు? అక్కడిది చరిత్ర, ఇక్కడిది పండగ అనుకుంటారు. రాయలవారి మీద గౌరవం తగ్గుతుందని కొందరు మిత్రులు నొచ్చుకున్నా సరే, ఇమ్మడి కథ మా ఇంట్లో చెప్పాలనుకున్నాను, చెప్పాను.

అమ్మాయికి తెలుగు చదవడం నిదానం, అందుకని ఆ రాజుల కథ ఉన్న పుస్తకం నేనే పైకి చదువుతున్నాను. పొగడ్త వచ్చిన ప్రతిచోటా ఆపి, ఇది ఎవరు చెప్పారని అడుగుతుంది. పిల్లలమర్రి పినవీరభద్రుడు జైమిని భారతాన్ని నరసింహరాయలకే అంకితమిచ్చాడని చెబితే, అయితే ఆయన సాక్ష్యం కొంత తగ్గించి తీసుకోవాలంది. హెన్రీ కొలువులో బెర్నార్ ఆంద్రే అనే అంధకవి రాజు సొమ్ము తింటూ రాజు చరిత్ర రాశాడు. ఆయనకూ ఇదే కోత విధించింది.